నిండిన సంచి ఎక్కడికి పోతుంది? సొంత వీధిలో చెత్త ఏరదలచినవారికి

వీధిలో చెత్త ఏరాలన్న ఆలోచన రాగానే ఎవరైనా ముందు చేతితొడుగుల గురించి, సంచుల గురించి, తోడు వచ్చే మనుషుల గురించి లెక్కలు వేసుకుంటారు. అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది మాత్రం ఆఖరి సంగతి. నిండిన సంచి ఏ రోజున, ఎన్ని గంటలకు, ఎవరి చేతికి అందుతుంది? దీనికి జవాబు లేకుండా పనిలోకి దిగితే ఏమవుతుందో నాకు అనుభవమే. హైదరాబాదు నల్లకుంటలో మేముండే గల్లీలో ఒక ఆదివారం ఇరుగుపొరుగు ఐదుగురం కలిసి రెండు గంటలపాటు చెత్త ఏరి, పదకొండు సంచులు నింపి, సోమవారం ఎలాగూ బండి వస్తుంది కదా అని వాటిని ట్రాన్స్‌ఫార్మర్ పక్క గోడకు ఆనించి ఇళ్ళకు వెళ్ళిపోయాం. రాత్రికి కుక్కలు నాలుగు సంచులు చించాయి. తెల్లవారేసరికి ఒక ఆవు వాటిలో మూతి పెట్టి నిలబడి ఉంది. మంగళవారానికి మా సంచుల పక్కన మావి కాని కవర్లు చేరాయి, శుక్రవారానికి ఎవరో విరిగిన కుర్చీ కూడా తెచ్చి పడేశారు. వీధంతా పలచగా పరుచుకున్న చెత్తను మేము ఒకచోట కుప్పపోసి, ఇక్కడ వేయవచ్చునని ఊరందరికీ చూపించామన్నమాట. ఆ మూల మళ్ళీ మామూలు మూల కావడానికి మూడు నెలలు పట్టింది.

కాబట్టి మొదటి వారం చెత్త ఏరకండి, కనుక్కోండి. హైదరాబాదులో ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకునే స్వచ్ఛ ఆటోలు 2015లో మొదలయ్యాయి. మీ వీధికి వచ్చే ఆటో ఏ వేళకు వస్తుంది, ఆదివారం వస్తుందా రాదా, మీ వీధి దాని దారిలో మొదట పడుతుందా చివర పడుతుందా అన్నది ఆ డ్రైవరునే అడిగి తెలుసుకోవాలి. చివర పడే వీధి అయితే అప్పటికే బండి నిండిపోయి ఉంటుంది గనుక మీ రెండు సంచులకు చోటుండదు. అలాంటప్పుడు అతను మరునాడు ఖాళీ బండితో ముందు మీ వైపు రాగలడేమో మాట్లాడుకోవాలి. ఈ ఆటోలు ఇంటికింత అని నెలనెలా ఇచ్చే డబ్బుతో నడుస్తాయి. వీధి చెత్త ఎత్తడం ఆ లెక్కలోకి రాని అదనపు బరువు. దానికి నెలకు ఎంతో కొంత విడిగా ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. సేవ మనది, మోత అతనిది అనుకుంటే ఆ ఏర్పాటు నెల తిరక్కుండానే చెడిపోతుంది.

వీధి ఊడ్చే కార్మికురాలితో కూడా ఒకసారి మాట్లాడాలి. నేను మొదట్లో పుల్లల చీపురు పట్టుకుని ఉత్సాహంగా దిగితే, మా వీధి ఊడ్చే ఆమె కాసేపు చూసి, "ఊడ్వకుండ్రి సార్, ఏరితె చాలు. మీరు ఊడిస్తే మట్టంత మోరీలకే పోతది" అన్నది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అలవాటు లేని చేయి చీపురు పడితే మట్టి, ఆకులు రోడ్డు అంచుకు చేరి, అక్కడి నుంచి వర్షపునీటి జాలీలోకి జారతాయి. ఆమె కుప్పలు ఎక్కడ పోస్తుంది, వాటిని ఎత్తే బండి ఎప్పుడు వస్తుంది అన్నది తెలిస్తే మీ పని ఆమె పనికి అడ్డం పడకుండా ఉంటుంది. ఊడ్చడం ఆమె ఉద్యోగం. ప్రహరీల సందుల్లో, చెట్ల మొదళ్ళలో, నిలిపి ఉంచిన కార్ల కింద, అంటే చీపురు అందనిచోట ఇరుక్కున్న ప్లాస్టిక్కును ఏరడం మనకు మిగిలే పని. అది తక్కువేమీ కాదు.

ఎంత మేర పెట్టుకోవాలి? వంద మీటర్లు చాలు. మీ గేటు నుంచి ఈ చివర కిరాణా దుకాణం దాకానో, ఆ చివర గుడి మలుపు దాకానో, నడుస్తూ ఇరవై నిమిషాల్లో రెండువైపులా ముగించగలిగినంత దూరమే పెట్టుకోవాలి. కాలనీ అంతా ఒక్క పూటలో అద్దంలా చేయాలన్న పట్టుదలతో బ్యానరు కట్టి, ఫొటోలు దిగి చేసే పనుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆ కాలనీలు నెల తరవాత ఎలా ఉంటాయో చూశాను. వంద మీటర్లను వారం వారం విడవకుండా చూసుకుంటే, మూడో నాలుగో వారానికి ఏ చెత్త ఎక్కడి నుంచి వస్తున్నదో మీకే తెలిసిపోతుంది. అది తెలియడమే ఈ పనిలో సగం.

వారానికొకసారి అనడానికి దోమ కూడా ఒక కారణం. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగులో కాదు, నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. పారేసిన టీ కప్పులో, కొబ్బరి బొండంలో, టైరులో, వెల్లకిలా పడిన సీసా మూతలో నిలిచిన కాసిని వాననీళ్ళు దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వానాకాలంలో దాదాపు ఏడు నుంచి పది రోజులు పడుతుంది గనుక ఏడు రోజులకొకసారి ఆ కప్పులు తీసేస్తే ఆ చక్రం తెగుతుంది. నీళ్ళు ఒంపి కప్పును అక్కడే వదిలేస్తే ప్రయోజనం లేదు. గుడ్లు కప్పు గోడకు అంటుకుని ఎండలో కూడా నెలల తరబడి బతుకుతాయి, మళ్ళీ వాన పడగానే పిల్ల పురుగులవుతాయి. కప్పును తీసి సంచిలో వేయాల్సిందే. మా ఇంటికి నడక దూరంలోని జ్వరాల ఆస్పత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉంది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో ఆయన మొదటిసారి చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. వానాకాలంలో ఆ ఆస్పత్రి ముందు ఉండే వరుసను చూసినవారికి టీ కప్పు చిన్న విషయంగా కనిపించదు.

సరంజామా

కొనవలసినవి రెండే. ఒకటి, పైన మీట నొక్కితే కింద దవడలు మూసుకునే మూడడుగుల పట్టుకర్ర. ఇది లేకుండా వందసార్లు వంగితే మరుసటి ఆదివారం మీరు మంచం దిగరు. కొనేటప్పుడు దాని దవడలతో నేలమీది ఒక చిల్లర నాణేన్ని ఎత్తి చూడండి, ఎత్తగలిగితేనే తీసుకోండి. బీడీ ముక్కలు, షాంపూ పొట్లాలు ఏరవలసింది దానితోనే. రెండోది, అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న నూలు చేతితొడుగులు. రాణీగంజ్‌లో ఫ్యాక్టరీలకు భద్రతా సామగ్రి అమ్మే దుకాణాల్లో ఇవి దొరుకుతాయి. ఆస్పత్రుల్లో వాడే పలచని తొడుగులు మొదటి సీసా పెంకుకే చిరుగుతాయి, పైగా ఎండలో చెయ్యి చెమటతో ఉడికిపోతుంది.

మిగిలినవన్నీ ఇంట్లో ఉన్నవే. చెత్త ఏరడానికి కొత్త నల్ల కవర్లు కొనడం నాకు విడ్డూరంగా తోస్తుంది. పాతిక కిలోల బియ్యం సంచి వాటికంటే గట్టిది, ఖాళీ చేసి కడుక్కుంటే పదిసార్లు పనికివస్తుంది. ఒంటరిగా ఏరేటప్పుడు సంచి మూతి మూసుకుపోవడం పెద్ద తలనొప్పి. దానికి ఒక ఉపాయం ఉంది. ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలో సంచిని దింపి, సంచి అంచును డబ్బా అంచు మీదుగా బయటికి మడిస్తే మూతి తెరుచుకునే ఉంటుంది, డబ్బా పిడి పట్టుకుని నడవవచ్చు. సంచి నిండాక పైకి లాగితే వచ్చేస్తుంది. గాజు పెంకుల కోసం మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేరుగా ఉండాలి. కాళ్ళకు మూసి ఉండే బూట్లు వేసుకోవాలి. హవాయి చెప్పులతో వెళ్ళి మేకు గుచ్చుకున్నవారిని నేనెరుగుదును. ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేనివారు ఈ పనిలోకి దిగే ముందు డాక్టరును కలిసి ఆ సంగతి తేల్చుకోవడం మంచిది.

ఏరడం

ఉదయం ఆరున్నర ప్రాంతం సరైన వేళ. వేసవిలో ఎనిమిది దాటితే ఎండ నిలవనివ్వదు. అదీ గాక ఆ వేళకు బండ్ల రాకపోకలు తక్కువ. రోడ్డుకు ఒకవైపే నడుస్తూ, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా వెళ్ళి, తిరుగు దారిలో రెండోవైపు చూసుకోవాలి. గల్లీల్లో పిల్లలను వెంట తీసుకువెళ్ళవచ్చు గాని పెద్ద రోడ్ల మీదికి వద్దు. వారికి గాజు, పదునైన వస్తువుల జోలికి పోవద్దని ముందే చెప్పి, కాగితాలు, కప్పులు అప్పగిస్తే చాలు. ఎక్కువ ఎవరు ఏరారన్న పోటీ మాత్రం పెట్టకండి, పోటీలో చేతులు ఎక్కడెక్కడికో పోతాయి.

రెండు సంచులు ఉండాలి. కబాడీ దుకాణం కొనేవి ఒకదానిలో, ఎవరూ కొననివి మరొకదానిలో వేయాలి. నీళ్ళ సీసాలు, బీరు సీసాలు, అట్టపెట్టెలు, ఇనుము, గట్టి ప్లాస్టిక్ మొదటి రకం. చిప్స్ పొట్లాలు, గుట్కా పొట్లాలు, షాంపూ పొట్లాలు, లోపల పలచని ప్లాస్టిక్ పొర ఉండే టీ కప్పులు, థర్మోకోల్ రెండో రకం. పొట్లాలలో ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతికి ఉంటాయి, వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు గనుక ఎవరూ కొనరు. అందుకే వీధిలో చివరికి మిగిలేవి అవే. సీసాలను తెల్లవారకముందే ఎవరో ఒకరు ఏరుకుని పోతారు.

ఆ ఎవరో ఒకరి గురించి ఒక మాట చెప్పాలి. గోనె సంచి భుజాన వేసుకుని తిరిగేవారికి ఆ సీసాలు, అట్టలు ఆ పూట కూలి. మనం వారికంటే ముందు లేచి వాటన్నిటినీ ఏరుకుని ఆటోలో పడేస్తే చేసింది మంచి పని అనిపించదు. మొదటి రకం సంచిని నేను వీధిలో వారానికి రెండుసార్లు తిరిగే ఒక పెద్దామెకు ఇచ్చేస్తాను. ఆమె రాని వారం ఆటోవాళ్ళు తీసుకుంటారు, వారికి కూడా అది అమ్ముకోగలిగిన సరుకే.

రాలిన ఆకులు చెత్త కాదు. వాటిని చెట్టు మొదట్లోకి నెట్టి వదిలేయండి. కుప్పచేసి నిప్పు పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చెత్తను వీధిలో తగలబెట్టకూడదని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. ఆకుల కుప్పలో కనిపించకుండా ఉండే కవర్లు కూడా కాలి, ఆ పొగ ముందు మన ఇంట్లోకే వస్తుంది.

గాజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి నెలలో నేను క్వార్టరు సీసా పెంకులను మిగతా చెత్తతో కలిపి ఆటోకు ఇచ్చాను. మరుసటి వారం ఆ డ్రైవరు బండి ఆపి, కుడి అరచేయి చూపిస్తూ, "సార్, పెంకులుంటె వేరేగ ఇయ్యుండ్రి. నిరుడు గిట్లనే ఎవరో కలిపి పెడితె ఆరు కుట్లు పడ్డయి" అన్నాడు. బండి వెనక నిలబడి సంచులు విప్పి తడిచెత్త, పొడిచెత్త వేరుచేసేది అతని భార్య. ఆమె చేతులకు తొడుగులుంటే ఉంటాయి, లేకుంటే లేదు. అప్పటి నుంచి పెంకులను డబ్బాలో వేసి, నిండాక మూత బిగించి, చుట్టూ పాత వార్తాపత్రిక చుట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో "గాజు" అని రాసి ఆమె చేతికే ఇస్తున్నాను. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కనిపిస్తే పట్టుకర్రతోనే ఎత్తి, కాగితంలో చుట్టి, వేరే కవరులో పెట్టి, అందులో ఏముందో నోటితో చెప్పి ఇవ్వాలి. ట్యూబులైట్లు పగలనివైతే పగలకుండా పక్కన పెట్టాలి, వాటిలో పాదరసం ఉంటుంది.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. సూదులు, సిరంజీలు, మందు సీసాలు ఒకచోట గుట్టగా కనబడితే అవి ఏదో క్లినిక్కు నుంచి వచ్చినవి, వాటిని తీయవలసిన పద్ధతి వేరు. చచ్చిన కుక్కనో పిల్లినో మనం తీయకూడదు. తెగి వేలాడే తీగ టీవీ కేబులే అనిపించినా కరెంటుదన్నట్టే చూడాలి. లోపల ఏముందో తెలియని డబ్బాల మూతలు తీయకూడదు. వీటికి నగరపాలక సంస్థ కాల్ సెంటరు 040-21111111కు ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకోండి, తీగ సంగతి మాత్రం విద్యుత్తు కార్యాలయానికి చెప్పండి. సంఖ్య లేని ఫిర్యాదు గాలిలో మాటే. ఖాళీ ప్లాట్లలోని పొదల్లోకి అసలు దిగవద్దు. అక్కడ పాములుంటాయి, పైగా అది ఒకరి సొంత స్థలం. అంచున నిలబడి పట్టుకర్రకు అందినంత తీసి, మిగతాది యజమానికి చెప్పాలి. యజమాని అమెరికాలో ఉన్నాడన్న జవాబు నగరంలో చాలా ప్లాట్లకు వర్తిస్తుంది గనుక ఆ ఫిర్యాదు కూడా నగరపాలక సంస్థకే చేరవలసి ఉంటుంది.

రావిచెట్టు కింద ఆనించి పెట్టే పాత దేవుడి పటాలు ఈ నగరంలో ప్రతి గల్లీకీ ఉన్న చిక్కే. ఇంట్లో పగిలిన పటం ఉండకూడదు, చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు, అందుకని చెట్టు కిందికి చేరుతుంది. కొన్నాళ్ళకు అద్దం పగిలి, చెక్క చెదలు పట్టి, పిల్లలు ఆడుకునేచోట పెంకులు మిగులుతాయి. వాటిని అందరూ చూస్తుండగా బియ్యం సంచిలో విసిరేశారంటే మీరు పది నెలల్లో సంపాదించుకున్న మంచిపేరు పది నిమిషాల్లో పోతుంది. ముందు దగ్గరి గుడి పూజారిగారిని అడగండి. మా పూజారిగారు, పటంలోని కాగితాన్ని వేరుచేసి తమకిమ్మన్నారు, గాజు, చెక్క మామూలు వస్తువులేనని, వాటిని ఏం చేసినా దోషం లేదని చెప్పారు. ఆ మాట ఆయన నోటితో నలుగురి ముందు చెప్పించుకున్నాక నాకు ఇబ్బంది రాలేదు. మసీదు గోడ దగ్గర ఉర్దూ, అరబీ అక్షరాలున్న కాగితాలు కనిపించినా ఇదే పద్ధతి. మనం సంచిలో వేయకుండా మసీదులో ఇచ్చేయాలి. అమావాస్యనాడు కూడలిలో పగలగొట్టే దిష్టి గుమ్మడికాయలను మాత్రం నేను ఎవరినీ అడగకుండానే రోడ్డు పక్కకు తీసేస్తాను, వాటి మీద బైకులు జారుతాయి.

ఎక్కడి నుంచి వస్తున్నది

జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని నాలుగు వారాలపాటు ఏ వస్తువు ఎక్కడ ఎక్కువగా దొరికిందో రాసుకోండి. వీధి చెత్త ఎక్కడపడితే అక్కడ పడినట్టు కనిపిస్తుంది గాని అది నిజం కాదు. టీ కొట్టు నుంచి ఇరవై అడుగుల లోపల కప్పులు పడతాయి, ఎందుకంటే చాయ్ తాగడం పూర్తయ్యేసరికి మనిషి అంత దూరమే నడుస్తాడు. పాన్ డబ్బా పక్కన గుట్కా పొట్లాల చింపిన మూలలు. మద్యం దుకాణం నుంచి రెండు మలుపుల అవతల, దీపం వెలగని గోడ వార, నీళ్ళ ప్యాకెట్లు, క్వార్టరు సీసాలు, పల్లీల పొట్లాలు కలిసి ఉంటాయి. బడి గేటు దగ్గర చాక్లెట్ కాగితాలు.

మా వీధిలో సగం చెత్త ఒక్క టీ కొట్టుదేనని తేలాక, నేను ఉదయం రద్దీ తగ్గి, కొట్టతను గిన్నెలు కడుక్కునే వేళ చూసుకుని వెళ్ళి, ఒక చాయ్ తాగి మాట్లాడాను. ప్లాస్టిక్ గ్లాసుల మీద 2022 జులై 1 నుంచి నిషేధం ఉన్నదని, 120 మైక్రాన్లకంటే పలచని కవరు అమ్మకూడదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ చట్టం ఊసు ఎత్తితే అతను అవునవునని తల ఊపేవాడు, అంతటితో ఆగిపోయేది. దానికి బదులు, "అన్నా, కొట్టుకు అటొక డబ్బా, ఇటొక డబ్బా నేను తెచ్చిస్తాను, సాయంత్రం నువ్వు కట్టి పెట్టు, పొద్దున ఆటోకు అందించే పూచీ నాది" అన్నాను. డబ్బా ఎక్కడ ఉండాలన్నదే అసలు కిటుకు. అతను కొట్టు వెనక శుభ్రంగా పెట్టుకుంటానన్నాడు, అక్కడ పెడితే ఎవరూ వేయరు. చాయ్ పట్టుకుని నిలబడే మనిషి చెయ్యి చాపితే అందేచోట, అంటే ఆ కరెంటు స్తంభం పక్కన, మూత లేకుండా ఉండాలి. మూత ఉంటే ముట్టుకోవడానికి వెనుకాడి పక్కన పడేస్తారు. సిగరెట్టు ముక్కల కోసం సగందాకా ఇసుక పోసిన నూనె డబ్బా ఒకటి విడిగా పెట్టాం. ఆ ముక్కల చివరి దూది నిజానికి దూది కాదు, ఒక రకమైన ప్లాస్టిక్కు పోగులే. ఏరడానికి వీధిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది కూడా అదే.

పెద్ద కుప్ప పడే మూలలను తీర్చే పద్ధతి వేరు. ముందు ఆ మూలను రెండు రోజులు రాత్రి పదింటికి, తెల్లవారుజామున ఐదింటికి గమనించండి. మా మూలలో కవర్లు వేసేవారిలో ఎక్కువమంది బద్ధకస్థులు కాదు. రాత్రి డ్యూటీల వల్ల ఆటో వచ్చే వేళకు నిద్రలో ఉండేవారు, ఒంటి గదుల్లో అద్దెకుండి పొద్దున్నే తలుపు తాళం వేసుకుని పోయే కుర్రవాళ్ళు. వారి ఇంటి ఓనరు మెట్ల కింద ఒక పెద్ద డబ్బా పెట్టి ఆటోకు అందించే ఏర్పాటు చేశాక సగం కవర్లు ఆగాయి. కుప్పను నగరపాలక సిబ్బంది ఎత్తిన రోజునే అక్కడ ఏదో ఒకటి చేయాలి, మరునాటికి వాయిదా వేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. శుభ్రం చేసినచోట సిబ్బంది ముగ్గు వేయడం మన నగరంలో చాలాచోట్ల కనిపిస్తుంది. ముగ్గు మంచిదే. అయితే ఎదురింటివారు దాన్ని రోజూ చూసుకునేచోటే అది నిలుస్తుందని, లేనిచోట వీధిదీపమే ఎక్కువ పనిచేస్తుందని నేను గమనించాను. ఇల్లు కూల్చిన మట్టి, ఇటుక ముక్కలు, మన దగ్గర మలబా అనేది, స్వచ్ఛ ఆటో తీసుకోదు. దానికి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో వేరే కేంద్రాలున్నాయి, కాల్ సెంటరుకు చెబితే బండి పంపడానికి ఎంతవుతుందో చెబుతారు.

వానకు ముందు, పండగల తరవాత

జూన్ మొదటివారంలోనే వీధిలోని వర్షపునీటి జాలీల మీద పేరుకున్న కవర్లను ఏరాలి. జాలీ పైభాగం వరకే మన పని. దాన్ని ఎత్తడం, లోపల చెయ్యి పెట్టడం, మ్యాన్‌హోల్ మూత తీయడం ఎవరూ చేయకూడదు. లోపలి విషవాయువు రెండు శ్వాసల్లో మనిషిని పడగొడుతుంది. నాలా గట్టు మీద నుంచి లోపలికి వంగి ఏరబోవడం కూడా అలాంటిదే. హుస్సేన్ సాగర్ నుంచి మిగులునీరు మోసుకుపోయే నాలా మా పక్క నుంచే మూసీకి వెళుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు నగరంలో నాలాల పక్కనున్న ఎన్నో కాలనీలు మునిగినప్పుడు, నీళ్ళు తీసిన తరవాత గోడల మీద గీత గీసినట్టు కవర్లు అంటుకుని ఉన్నాయి. ముంపు అంతా చెత్త వల్లనే అంటే నేనొప్పుకోను, పూడ్చిన చెరువులు, ఇరుకైన నాలాలు దానికి అసలు కారణాలు. కాని మన వీధి జాలీ మూసుకుపోయి మోకాటి లోతు నీళ్ళు నిలవడం వేరు సంగతి, అది రెండు కవర్ల వల్ల కూడా జరుగుతుంది. వాన పడుతున్నప్పుడు మాత్రం బయటికి వెళ్ళి తీయకండి. నీళ్ళ కింద ఏ మూత తెరిచి ఉన్నదో పైకి తెలియదు.

పండగల లెక్క ముందే వేసుకోవాలి. వినాయక మండపం పెట్టేవారితో చవితికి వారం ముందే మాట్లాడి, ప్రసాదం ఆకు దొప్పల్లో పెట్టించగలిగితే నిమజ్జనం మరునాడు మీ సంచి సగం తేలికవుతుంది. బోనాల ఊరేగింపు పోయిన దారిలో నీళ్ళ ప్యాకెట్లు, రంజాను నెలలో హలీము డబ్బాలు ఎక్కువ పడతాయి, ఆ వారాల్లో రెండుసార్లు తిరగాలి.

సంక్రాంతి తరవాతి ఆదివారం మటుకు నేను ఇంకే చెత్తా ఏరను, పతంగుల మాంజా ఒక్కటే చూస్తాను. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా చెట్లకు వేలాడుతూనే ఉంటుంది, పావురాలు, గబ్బిలాలు చిక్కుకుని చస్తాయి, బైకు మీద వెళ్ళేవారి మెడలు తెగుతాయి. దాన్ని చేత్తో లాగితే తొడుగుతో సహా వేలు కోస్తుంది. ముందుగా పైన తీగలు ఉన్నాయేమో చూసుకోవాలి, ఉంటే వదిలేయాలి. లేకుంటే చివరను ఒక పుల్లకు కట్టి, కండెకు చుట్టినట్టు పుల్లను తిప్పుతూ పోవాలి. తెగినచోట మళ్ళీ కొత్త పుల్ల. చుట్టిన దారాన్ని కత్తెరతో జానెడు జానెడు ముక్కలుగా కోసి గాజు పెంకుల డబ్బాలోనే వేయాలి. కోయకుండా పొడవుగా పారేస్తే అది డంపు యార్డుకు చేరేలోపే ఇంకో పిట్ట కాలికి చుట్టుకుంటుంది, లేదా బండి వెనక నిలబడే ఆమె వేళ్ళకు.